ఏడు గుర్రాల సంగతి తర్వాత, ముందు ఒక్క గుర్రం

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. డిగ్రీ అయిపోయిందట. చిన్నప్పటి నుంచీ గుర్రాల బొమ్మలంటే పిచ్చి. ఫోన్లో ఫొటోలు చూసి గీస్తున్నాడు. ఇంట్లో వాళ్లు మాత్రం "గుర్రమా అది, దూడలా ఉంది" అని నవ్వుతున్నారు. నేర్చుకోవడం ఎలా, గుర్రాలే గీసుకుంటూ ఈ నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల బతకొచ్చా అన్నది ప్రశ్న. దాంతోపాటు మూడు బొమ్మలు పెట్టాడు. మొదటిది సముద్రపు ఒడ్డున దౌడు తీస్తున్న తెల్లగుర్రం. రెండోది ముందుకాళ్లు పైకెత్తి నిలబడ్డ నల్లగుర్రం, మీద రౌతు. మూడోది పెళ్లి మండపం బయట కట్టేసిన ఊరేగింపు గుర్రం.

తమ్ముడూ, నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోవద్దు. నెల్లూరులో బోర్డులు, బ్యానర్లు, గుర్రాలు గీస్తూ నలభై ఏళ్లు దాటించినవాణ్ణి. నీ మూడు బొమ్మల్లో మొదటి రెండూ చూడ్డానికి బాగున్నాయి గానీ పనికిరావు. మూడోదాంట్లో తప్పులు ఎక్కువే, అయినా గుర్రం అంటే అదే. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు దూడ సంగతి. మీవాళ్లు ఊరికే అనలేదు. మన వైపు చేతికి ఎద్దు అలవాటు. పుట్టినప్పటి నుంచీ చూసింది ఒంగోలు గిత్తల్నే. బండలాగుడు పందేలు, సంక్రాంతి ముగ్గులు, పాల డెయిరీ బోర్డులు, ఎక్కడ చూసినా మూపురం, గంగడోలు, వాలిన తొంటి. ఈ జాతి పశువులు సముద్రాలు దాటి బ్రెజిల్ పోతే అక్కడివాళ్లు వాటికి పెట్టుకున్న పేరు 'నెలోరే', అంటే మన నెల్లూరే. అలాంటి నేల మీద పుట్టినవాడు గుర్రం మెడ గీయబోతే గంగడోలు వచ్చిపడుతుంది. నీ మొదటి బొమ్మలో మెడ కింద ఆ సంచి చూసుకో. వీపు చివర తొంటి కూడా గిత్తకు వాలినట్టే వాల్చావు.

మరి గుర్రం? అది మన తీరానికి పరాయిదే. 13వ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఇటు వచ్చినప్పుడు తమిళ తీరపు రాజులు ఏటా వేలకొద్దీ గుర్రాలు అరబ్బు దేశాల నుంచి కొనేవాళ్లనీ, సరైన పోషణ తెలియక అవి చచ్చిపోయేవనీ రాశాడు. చీరాల అవతలి మోటుపల్లి రేవు గురించి కూడా రాశాడు. అదే మోటుపల్లిలో అంతకుముందే, 1244లో, ఓడ వర్తకుల సొత్తు దోచుకోబోమని గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట పట్టుకున్నాడు. ఆ విజయనగర రాజులు పర్షియా వైపు హొర్ముజ్ రేవు గుర్రాలు, దేశవాళీవి కలిపి ఏటా 13,000 కొనేవాళ్లని నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడి లెక్క. అంత డబ్బు పోసి కొన్నవి సైన్యంలో ఉండేవి గానీ రైతు వాకిట్లో కాదు. ఎద్దుని ఎవడైనా గీస్తాడు. గుర్రాన్ని గీయాలంటే వెతుక్కుంటూ పోయి చూడాలి. నా మొత్తం సమాధానం ఇంతే నిజానికి, మిగతాదంతా ఎలా చూడాలన్న దాని గురించే.

నేను ఎలా చూశానో చెప్తాను. పద్నాలుగో ఏట ట్రంకు రోడ్డు దగ్గర ఒక బోర్డుల షాపులో చేరాను. మా మేస్త్రి అక్షరాలు రాస్తే నేను డబ్బాలు కడిగేవాణ్ణి. సినిమా బ్యానర్లు కూడా చేసేవాళ్లం. స్టిల్ ఫొటో మీద గళ్లు కొట్టి, అవే గళ్లు గుడ్డ మీద పెద్దవిగా కొట్టి, గడి చూసి గడి నింపడం. ఒకసారి జానపదం పాత సినిమా మళ్లీ ఆడుతోంది. హీరో గుర్రం మీద ఉండాలి. మేస్త్రి హీరో ముఖం వేసి, "గుర్రం నువ్వు నింపురా" అన్నాడు. ఫొటోలో గుర్రం కాళ్లు దుమ్ములో కనిపించట్లేదు. నేను నాకు తోచినట్టు నాలుగు కాళ్లూ వేశాను. సాయంత్రం బ్యానర్ ఎత్తుతుంటే జట్కా స్టాండు సాయిబు ఒకాయన తలెత్తి చూసి, "ఏంది అబ్బయ్యా, రాజుగారు మేక మీద పోతన్నాడే" అన్నాడు. స్టాండు స్టాండంతా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి పోయాను. ఆయన గుర్రం పేరు రాణి. ముదురు ఎరుపు ఒళ్లు, నల్ల జూలు. ఆ రంగుని ఆయన కుమ్మైతు అనేవాడు. ఎడమ చెవి కొస కొంచెం చిరిగి ఉండేది. రైళ్లు లేని సమయంలో రాణి వేపచెట్టు కింద ఉలవ గుగ్గిళ్లు తింటూ ఉంటే, వాల్ పోస్టర్ల వెనక వైపు బొగ్గుతో గీసేవాణ్ణి. రెండేళ్లు అదొక్క గుర్రమే. సాయిబు బొమ్మ బాగుందని ఎప్పుడూ అనలేదు. "ఇది రాణి కాదు", "ఇది కొంచెం రాణి", ఇంతే ఆయన మార్కులు. బారాషహీద్ దర్గా కథ కూడా మొదట ఆయన నోటే విన్నాను. యుద్ధంలో అమరులైన పన్నెండు మందిని వాళ్ల గుర్రాలే నెల్లూరు చెరువు గట్టుకు మోసుకొచ్చాయని మన ఊళ్లో చెప్పుకుంటారు కదా. అది చెప్తూ ఆయన రాణి మెడ నిమిరిన తీరు ఇప్పటికీ నాకు గుర్తే.

ఇక అసలు పని. గుర్రం కాలు దగ్గరే అందరూ పడిపోతారు, నువ్వూ అక్కడే పడ్డావు. రెండో బొమ్మలో ముందుకాలు మధ్యలో ఉన్న కీలుని మోకాలు అనుకుని గీశావు. జనం కూడా దాన్ని మోకాలనే అంటారు, కానీ అది మోకాలు కాదు, మణికట్టు. నీ చెయ్యి బల్ల మీద పెట్టు. అరచెయ్యి, వేళ్లు అన్నీ పైకి లేపి ఒక్క మధ్యవేలి కొన మీద నిలబెట్టు. మిగతా వేళ్లు లేవనుకో. అదే గుర్రం ముందుకాలు. డెక్క అంటే ఆ వేలి గోరు. గోరు మీద అంత బరువు నిలబడి పరిగెత్తుతోంది. నీ మోచెయ్యి ఎక్కడుందో చూసుకో, గుర్రం మోచెయ్యి పొట్టకు ఆనుకుని ఉంటుంది. వెనక కాలిలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు మడమ. అసలు మోకాలు పైన, డొక్క దగ్గర చర్మం కిందే ఉండిపోతుంది. ఈ ముక్క అర్థమైతే మేక మీద నుంచి రాజుగారు దిగిపోతాడు.

ఇంకోటి. మన భుజానికి కాలరు ఎముక ఉంది, గుర్రానికి లేదు. ముందుకాళ్లకీ మొండేనికీ మధ్య ఎముకల కీలే లేదు, కండరాలే ఉయ్యాల కట్టినట్టు ఛాతీని మోస్తాయి. బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే. అందుకే నడుస్తున్న గుర్రానికి భుజం చర్మం కింద పలక జారినట్టు కదులుతుంది. ఫొటోలో ఇది కనిపించదు. పక్కన నడిస్తే కనిపిస్తుంది.

కొలతలకు పెద్ద లెక్కలు వద్దు. గుర్రం తల పొడవు ఒక పుల్లతో కొలుచుకో. అలాంటివి రెండున్నర పెడితే నేల నుంచి మూపు దాకా ఎత్తు. రొమ్ము ముందు నుంచి పిరుదు చివరి దాకా కూడా సుమారు అంతే. జట్కా పొట్టి గుర్రాలకి తల కొంచెం పెద్ద, రేసు గుర్రానికి కాళ్లు పొడుగు. అందుకే ఇది మొదటి గీతకు సాయం మాత్రమే. పుల్లని నమ్మి కన్ను మూసుకుంటే మళ్లీ ఎవరిదీ కాని గుర్రం వస్తుంది.

నిలబడ్డ గుర్రంతో మొదలుపెట్టు. దౌడు తీసేది తర్వాత చూద్దాం. నిలబడి కునుకు తీసే గుర్రం వెనక కాళ్లలో ఒకదాన్ని వదులుగా డెక్క కొన మీద ఆనించి ఉంచుతుంది. కాసేపటికి కాలు మారుస్తుంది. అప్పుడు తొంటి ఒకవైపు కిందికి జారుతుంది. ఆ వాలు పట్టుకుంటే బొమ్మకి బరువు వస్తుంది. చెవులు ఎటు తిరిగి ఉన్నాయో రాసుకో. ముందుకి ఉంటే ఏదో చూస్తోంది, చెరొక వైపు ఉంటే నీ మాటలు వింటోంది, వెనక్కి అతుక్కుని ఉంటే నువ్వు సామాను సర్దుకోవాలి. ఈ మూడోది నేను ఒకసారి పట్టించుకోలేదు. వెనక నుంచి తొడ కండరం గీద్దామని కూర్చున్నాను. సరిగ్గా తోక వెనక గుర్రానికి కనపడని చోటు అది. తొడ మీద డెక్క ముద్ర పడి నెలన్నర కుంటుతూ నడిచాను. ఎప్పుడూ పక్క నుంచి, కనపడేలా, మాట్లాడుతూ పో.

తలుచుకుంటే నవ్వొస్తుంది, తిక్కన గారు నెల్లూరులోనే ఉండి భారతం మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందులో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటుడి గుర్రాల సాలలో చేరతాడు. అంత పెద్ద వీరుడు గుర్రాల దగ్గర పనివాడుగా కుదిరాడు. బొమ్మలు గీసేవాడికి ఏం నామోషీ? నేనూ తీరిక దొరికినప్పుడల్లా సాయిబు జట్కాకి నీళ్లు మోశాను, రాణికి మాలీసు చేశాను. దువ్వెన పట్టినప్పుడే తెలిసింది, వెంట్రుక ఏ కండరం మీద ఎటు పడుకుంటుందో. బ్రష్షు కూడా అటే పోవాలి.

అయితే బొమ్మలు గీసేవాళ్లలో ఈ పిచ్చి ముదిరినవాడంటే ఇంగ్లండులో జార్జ్ స్టబ్స్. 1724లో లివర్‌పూల్‌లో పుట్టాడు, తోళ్ల పని చేసేవాడి కొడుకు. 1756 ప్రాంతంలో హార్క్‌స్టో అనే పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, చచ్చిన గుర్రాల్ని దూలాలకి కొక్కేలతో నిలబెట్టినట్టు వేలాడదీసి, చర్మం నుంచి ఎముక దాకా ఒక్కో పొర వలుస్తూ ఏడాదిన్నర గీశాడు. ఆ కంపు ఊహించుకో. చెక్కేవాళ్లు ఎవరూ ఒప్పుకోకపోతే రాగి పలకల మీద తానే చెక్కుకుని 1766లో పుస్తకం వేశాడు. ఆ మధ్యలోనే, 1762 ప్రాంతంలో, విజిల్‌జాకెట్ అనే రేసు గుర్రాన్ని గీశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాదాపు నిజం గుర్రం అంత సైజు. వెనక కొండ లేదు, ఆకాశం లేదు, రౌతు లేడు. ఉత్త రంగు మీద ఒక్క గుర్రం. అయినా ఆ కంటిని, ముక్కు పుటాల్ని చూస్తే ఇది ఫలానా గుర్రం, ఇంకోటి కాదు అని తెలిసిపోతుంది. మన సాయిబు చూసి ఉంటే "ఇది రాణి" అని ఉండేవాడు, అంటే పూర్తి మార్కులు.

నీకు అంత కంపు అవసరం లేదు. ఎముకల బొమ్మలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. అదొక్క విషయానికి మాత్రం ఫోను మంచిదే.

ఈ మాట ఆడపిల్లలు కూడా చదువుతారు కాబట్టి ఒక్క ముక్క. పారిస్‌లో రోసా బోనర్ అనే ఆవిడ గుర్రాల సంత గీయాలనుకుంది. సంతకి పోతే మగవాళ్ల వెకిలి చూపులు. పోలీసుల దగ్గర అనుమతి కాగితం తీసుకుని మగవాళ్ల బట్టలేసుకుని ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు సంతకి వెళ్లింది. అప్పట్లో అక్కడ ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే కాగితం కావాలి మరి. ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

దౌడు గురించి. నీ మొదటి బొమ్మలో గుర్రం ముందుకాళ్లు ముందుకి, వెనకకాళ్లు వెనక్కి బార్లా చాపి గాల్లో తేలుతోంది. ఈ తప్పు నీ ఒక్కడిదే కాదు, వందల ఏళ్లు అందరూ అలాగే గీశారు. ఫ్రాన్స్ చిత్రకారుడు జెరికో 1821లో గీసిన ఎప్సమ్ డెర్బీ రేసులో కూడా అన్ని గుర్రాలూ అలాగే తేలుతుంటాయి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ ట్రాక్ పక్కన వరసగా కెమెరాలు పెట్టి, అడ్డంగా దారాలు కట్టి, గుర్రం తగిలి దారం తెగితే ఫొటో పడేలా చేశాడు. అప్పుడు బయటపడింది. గుర్రం నాలుగు కాళ్లూ గాల్లోకి లేచేది నిజమే, కానీ అవి చాపి ఉన్నప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. నువ్వు ఎంత తీక్షణంగా చూసినా కంటికి అందని సంగతి ఇది. కాబట్టి ఫొటో శత్రువేమీ కాదు. ఒక్కో నడకకి అడుగుల లెక్క గుర్తుపెట్టుకో: మామూలు నడకకి నాలుగు చప్పుళ్లు, ఎదురెదురు మూలల కాళ్లు కలిసి పడే దుడుకు నడకకి రెండు, చిన్న దౌడుకి మూడు, పూర్తి దౌడుకి మళ్లీ నాలుగు, ఆ పైన ఒక నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే అది గాల్లో ఉంది. జట్కా మీద కూర్చుని కళ్లు మూసుకుని నేర్చుకున్నాను నేను ఇది.

పూర్తి దౌడు మాత్రం రాణి దగ్గర దొరకలేదు. దానికి మద్రాసు పోయాను. గిండీ రేసు గుర్రాల లాయంలో మన నెల్లూరు వైపు నుంచి పోయి పని చేసే సైసు ఒకడు తెలిసినవాడు దొరికాడు. నెలకో రెండుసార్లు రాత్రి రైలెక్కి పోయి, తెల్లారుజామున గుర్రాలకి కసరత్తు చేయించేటప్పుడు కంచె దగ్గర నిలబడేవాణ్ణి. ముప్పై సెకన్ల బొమ్మలు. గుర్రం దాటిపోయాక కళ్లు మూసుకుని, మిగిలిందే గీయాలి. నోటు పుస్తకాలు నిండిపోయేవి. వందలో తొంభై తొమ్మిది చెత్త. అక్కడే ఇంకోటి తెలిసింది. రేసు గుర్రాల గుర్తింపు పత్రంలో రంగు, తెల్లమచ్చలతో పాటు సుడులు కూడా రాస్తారు. నుదుటి మీద ఎక్కడ, మెడ మీద ఎక్కడ అని. మన పాతకాలం వాళ్లు గుర్రం కొనేటప్పుడు సుడులు చూసి శుభం, అశుభం అనేవాళ్లు కదా. శకునం సంగతి నాకు తెలియదు గానీ, ఏ రెండు గుర్రాలకీ సుడులు ఒక్కలా ఉండవు. మనకి వేలిముద్ర ఎట్లాగో అట్లా.

ఈ సుడి సంగతి ముందే బుర్రకెక్కి ఉంటే ఒక దెబ్బ తప్పేది. చీమకుర్తి వైపు గ్రానైటు వ్యాపారం ఆసామి ఒకాయన ఫామ్‌హౌసులో మంచి మార్వాడీ గుర్రం పెంచేవాడు. చెవి కొసలు లోపలికి వంగి దాదాపు తగులుకుంటుంటాయి ఆ జాతికి. బొమ్మ వేయమని ఫొటో పంపాడు. నాకు అప్పుడు పని ఒత్తిడి, పోయి చూసే తీరిక లేదనుకున్నాను. రెండు నెలలు కూర్చుని నాలుగడుగుల కాన్వాసు మీద ఆయిల్‌లో వేశాను. నా చేతిలోంచి అంత నున్నటి పని అంతకుముందు రాలేదు. తీసుకెళ్తే ఆయన చూశాడు, ఆయన గుర్రాన్ని చూసుకునే కుర్రాడూ చూశాడు. కుర్రాడే అన్నాడు, "ఇది మన గుర్రం కాదన్నా." ఆ ఫొటో ఎవరో ప్రింటు వేసేటప్పుడు తిరగేసి వేశారు. ఎడమ వెనకకాలికి ఉండాల్సిన తెల్ల సాక్సు కుడికాలికి వచ్చింది, నుదుటి చుక్క అటు పక్కకి వంగింది, జూలు రెండో వైపు పడింది. తప్పు ఫొటోదని అనలేం. ఒక్క పూట బస్సెక్కి పోయి ఉంటే తెలిసేది. అడ్వాన్సు తిరిగిచ్చేశాను. ఆ కాన్వాసు చాలాకాలం మా ఇంటి గోడకి ముఖం తిప్పి ఉండేది. అప్పటి నుంచీ ఎవరి గుర్రమైనా సరే, పోయి రెండు వైపులా, ముందు, వెనక, నాలుగు కాళ్లూ విడివిడిగా చూసి, సుడులు రాసుకుని గానీ కాన్వాసు ముట్టను.

రంగుల మాట కొంచెం. తెల్లగుర్రాన్ని తెల్లరంగుతో వేస్తే సున్నం కొట్టిన గోడలా వస్తుంది. మనం తెల్లవి అనుకునే వాటిలో చాలా మటుకు పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉండి, ఏడాదికేడాది నెరిసినవి. చర్మం నల్లదే. అందుకే మూతి, కళ్ల చుట్టూ మసి పూసినట్టు ఉంటుంది. నీ మొదటి బొమ్మలో మూతి గులాబీ రంగు వేశావు, అది ఫోటో చూసి కాదు, క్యాలెండరు చూసి. నీడలో నీలం, ఊదా కలుపు. నల్లగుర్రానికి ట్యూబులో నలుపు వాడకు, చచ్చిపోతుంది. అల్ట్రామెరైన్ నీలం, బర్ంట్ అంబర్ కలిపి నలుపు చేసుకుంటే ఎండ పడిన చోట నీలంగా మెరిసే ఆ ఛాయ వస్తుంది. కుమ్మైతుకి బర్ంట్ సియెన్నా పునాది. మన వాతావరణం వేరే తలనొప్పి. కార్తీకంలో వానలు పట్టుకుంటే ఆయిల్ ఎన్నాళ్లకీ ఆరదు, కాన్వాసు వెనక బూజు పడుతుంది. రోహిణి కార్తెలో యాక్రిలిక్ ప్లేట్లోనే ఆరిపోతుంది, నీళ్ల స్ప్రే పక్కన పెట్టుకో. నేర్చుకునే రోజుల్లో బొగ్గు, న్యూస్‌ప్రింటు చాలు. ఖరీదైన బ్రష్షులు కొని గుర్రం దగ్గరికి పోనివాళ్లని చాలామందిని చూశాను.

ఇప్పుడు డబ్బు. గుర్రాలే గీసి ఇక్కడ బతకొచ్చా అంటే, బతకొచ్చు, కానీ నువ్వనుకునే గుర్రాలతో కాదు. నా ఇల్లు నిలబెట్టింది వాస్తు గుర్రాలు. ఏడు తెల్లగుర్రాలు పరిగెత్తుతున్న బొమ్మ. కొత్త ఇల్లు, కొత్త షాపు, కొత్త క్లినిక్, ఎవరు మొదలుపెట్టినా కావాలంటారు. ఫ్లెక్స్ వచ్చి రెండు మూడేళ్లలో చేతి బ్యానర్లని మింగేసినప్పుడు, మా మేస్త్రి షాపు మూసేశాడు, నేను ఏడు గుర్రాల మీద పడ్డాను. సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు, అందుకని ఏడు. కళ్లెం ఉండకూడదు అంటారు. ముఖాలు ఇంట్లోకి చూడాలి, గుమ్మం వైపు పోతే లక్ష్మి వెళ్లిపోతుంది అంటారు. ఏ గోడకి పెట్టాలన్నది మాత్రం ఎవరి సిద్ధాంతి వాళ్లదే. ఒకాయన దక్షిణం గోడకి వేయించుకుని, ఇంకో సిద్ధాంతి మాట విని తూర్పుకి మార్చాలంటే కొలతలు సరిపోక ఒకటిన్నర గుర్రం కోయించాడు. నేను కోయనన్నాను, ఫ్రేములు కట్టేవాడు కోశాడు.

ఇదేమీ తక్కువ పని అని నేను అనను, అది తిని పెరిగారు నా పిల్లలు. కానీ ఒక రహస్యం చెప్తాను. ఏడు గుర్రాలంటే ఇరవై ఎనిమిది కాళ్లు. ఆ కాళ్లు వేయడం రానివాళ్లే కెరటాల్లోనో దుమ్ములోనో పరిగెత్తిస్తారు. మార్కెట్లో ఏడు గుర్రాల బొమ్మ కనపడితే ముందు కాళ్లు లెక్కపెట్టు, సరదాగా ఉంటుంది. ఇరవై మూడు లెక్క తేలిన బొమ్మలు చూశాను. నేను వేసేటప్పుడు ఏడింటికీ నా నోటు పుస్తకాల్లోంచి ఏడు వేరు వేరు గుర్రాల ముఖాలు పెడతాను. మూడోది ఎప్పుడూ రాణి. కొనేవాళ్లకి తెలియదు, వాళ్లకి అవసరమూ లేదు.

ఇవి కాక గుళ్లలో అశ్వవాహనాలకి రంగులు. బ్రహ్మోత్సవాలకి నెల ముందు ఊళ్ల నుంచి కబురొస్తుంది. కొయ్య గుర్రానికి ఎనామిల్ పూసి, కళ్లు తీర్చి, జీను మీద బంగారు పూత వేయాలి. అక్కడ నీ అనాటమీ చూపించకు. ఊరి దేవుడి గుర్రానికి కళ్లు ఎంత పెద్దవి ఉంటే అంత తృప్తి వాళ్లకి. స్కూలు గోడల మీద ఝాన్సీ రాణి బొమ్మ ఇంకొకటి. గుర్రాలు పెంచేవాళ్ల పోర్ట్రెయిట్లు ఏడాదికి రెండో మూడో వస్తే గొప్ప. వీటికి సగం అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టకు, చదరపు అడుగు లెక్కన కాక గుర్రానికింత అని చెప్పు. బొమ్మలో ఇద్దరు పిల్లలు కూడా కూర్చుంటారు అంటే అప్పుడే రేటు పెంచు, తర్వాత పెంచలేవు. మొదటి ఐదారేళ్లు మాత్రం ఇంకేదో పని పక్కన ఉండాలి. ఇంట్లో టెన్షన్ పెట్టి గీసిన గుర్రం కూడా టెన్షన్‌గానే ఉంటుంది.

నువ్వు అడగకపోయినా అడగబోయే ప్రశ్న ఒకటుంది. "ఎం.ఎఫ్. హుసేన్ గుర్రాలకి కాళ్లు అలా వంకర్లు ఉంటాయి కదా, ఆయన్ని ఎవరూ ఏమీ అనరే" అని. ఆయన కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసిన మన బాపతు మనిషే. చిన్నప్పటి నుంచి మొహర్రం ఊరేగింపుల్లో గుర్రాన్ని చూసినవాడు. 1952లో చైనా వెళ్లి షూ బేహోంగ్ వేసిన సిరా గుర్రాలు చూసొచ్చాడు. ఆ షూ బేహోంగ్ అంతకు పన్నెండేళ్ల ముందు ఠాగూరు పిలుపు మీద వచ్చి శాంతినికేతన్‌లో కొన్నాళ్లు ఉండి వెళ్లినవాడు. వీళ్లు ఎముక తెలిసి వంచారు. మనం తెలియక వంచుతున్నాం. చూస్తే తేడా కనిపిస్తుంది, చూడ్డం వచ్చినవాడికి.

ఇప్పుడు నీ మూడో బొమ్మ. తల పెద్దదైంది. ముందుకాళ్లు సన్నగిల్లాయి. వెనక గోడ మీద సీరియల్ బల్బులు అనవసరం. కానీ వెనక ఎడమకాలు వదులుగా పెట్టి తొంటి జార్చావు, నీకు ఎవరూ చెప్పకుండానే. ముక్కు మీద పాత కళ్లెం ఒరుసుకుని వెంట్రుక ఊడిన గీత ఉంది. పూసల ముసుగు కింద ఒక చెవి ముందుకి, ఒక చెవి పక్కకి ఉంది. బ్యాండు మేళం అటు పక్కన ఉండుంటుంది. ఇవేవీ ఫొటో చూసి వచ్చేవి కావు. ఎక్కడో పెళ్లికి పోయి, భోజనాల పంక్తి వదిలేసి దాని దగ్గర నిలబడ్డావు నువ్వు.

కావలిలోనో చుట్టుపక్కలో దాన్ని అద్దెకి తిప్పేవాళ్లెవరో కనుక్కో. పెళ్లిళ్లు లేని మూఢంలో దానికి పనుండదు, వాళ్లకీ కబుర్లకి మనిషి కావాలి. అరకేజీ క్యారెట్లు తీసుకుపో, పెట్టేముందు ఓనర్ని అడుగు. అలంకారం లేకుండా చూడు. ముందు పేరు అడుగు. నువ్వు గీసింది ఎడమ వైపే, కుడి వైపు ఎలా ఉంటుందో నీకు ఇంకా తెలియదు. అది గీసి పెట్టు, అప్పుడు మిగతా మాట్లాడుకుందాం.